చేతికి దెబ్బ తగిలిన బిడ్డకు నొప్పి మందు: ఏది, ఎంత, ఎప్పుడు?

(ముండ్లమూరులో తల్లిదండ్రుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన కూటంలో మన ఆసుపత్రి డాక్టరు గారు చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నే పనులు పక్కన పెట్టి వచ్చారు. చంకన బిడ్డల్ని వేసుకొని వచ్చిన తల్లులూ ఉన్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

బడికి సెలవులు ఇచ్చారంటే మా అత్యవసర విభాగంలో చేతి దెబ్బల కాలం మొదలైనట్టే. వేపచెట్టు మీద నుంచి ఒకడు, ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి ఒకడు, పొగాకు బ్యారన్ గోడ ఎక్కి ఒకడు, సైకిలు నేర్చుకుంటూ ఒక అమ్మాయి. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. అందుకే పిల్లల్లో మణికట్టు దగ్గరా, మోచేతి పైనా ఎముకలు ఎక్కువగా విరుగుతాయి.

అలా వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ నేను మొదట అడిగే మాట ఒకటుంది. "నొప్పికి ఏమైనా ఇచ్చారా?" చాలామంది తల అడ్డంగా ఊపుతారు. ఎందుకు ఇవ్వలేదంటే, "మీరు చూడకముందే మందు వేస్తే దెబ్బ ఎక్కడో తెలియదేమోనని సార్" అంటారు. ఇంకొందరు, "మగపిల్లోడు, ఆ మాత్రం ఓర్చుకోలేడా" అంటారు. వారికి బిడ్డ మీద ప్రేమ లేక కాదు. అలా చేయడమే మంచిదని నమ్మారు, అంతే.

ఆ నమ్మకం సరైంది కాదని చెప్పడానికే ఈరోజు వచ్చాను. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనబడుతుంది. పారాసెటమాల్ వేస్తే అది ఎక్స్‌రేలో దాక్కోదు. పైగా నొప్పి కాస్త తగ్గిన బిడ్డ చేయి చూడనిస్తాడు, వేళ్లు కదపమంటే కదుపుతాడు. నొప్పితో ఏడ్చేవాడు నన్ను దగ్గరికే రానివ్వడు. ఇక్కడి నుంచి దర్శికి పోవాలన్నా, ఒంగోలుకు పోవాలన్నా ఆటోలో, బస్సులో ఆ కుదుపులు మీకు తెలియనివి కావు. విరిగిన ఎముక ప్రతి గుంతకీ కదులుతుంది. మంచి సమరయుని కథ మనందరికీ తెలుసు. దారిలో పడి ఉన్న మనిషిని ఆయన ముందు వాహనమెక్కించలేదు. ముందు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. పూటకూళ్ల ఇంటికి తీసుకుపోవడం ఆ తర్వాతి సంగతి. చేయి విరిగిన బిడ్డకు కూడా వరుస అదే.

మందు కంటే ముందు చేయాల్సిన పని చేతిని కదలకుండా పెట్టడం. నిజానికి ఇదే మొదటి నొప్పి మందు. పాత క్యాలెండర్ అట్ట గానీ, మడిచిన వార్తాపత్రిక గానీ చేతి కింద పెట్టి, మెత్తని గుడ్డతో వదులుగా కట్టండి. కండువాతోనో చున్నీతోనో మెడకు వేలాడదీయండి. చేయి వంకర పోయి ఉంటే సరిచేయాలని లాగవద్దు. ఎలా ఉందో అలాగే ఆనించి కట్టండి. గాజులు, ఉంగరం, మురుగులు, తాయెత్తు దారం వెంటనే తీసేయండి. గంటలో చేయి వాచిపోతుంది, అప్పుడు అవే ఉరితాళ్లవుతాయి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి, నేరుగా చర్మం మీద వద్దు. పసుపు, సున్నం, ఆకు పసరు పూయకండి. చర్మం చీరుకుపోయి ఉంటే అవి లోపల ఎముకదాకా పోతాయి, కడగడం మా వల్ల కూడా కాదు.

ఇక మందులు. ఇంట్లో ఇవ్వగలిగినవి రెండే రెండు. ఒకటి పారాసెటమాల్, రెండోది ఐబుప్రొఫెన్. రెండూ మందుల షాపులో సిరప్ రూపంలో దొరుకుతాయి.

పారాసెటమాల్ మీ అందరికీ జ్వరం మందుగా తెలుసు. నొప్పికి కూడా పనిచేస్తుంది. కడుపులో మంట పెట్టదు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు కూడా ఇవ్వదగింది ఇదే. దీని చెడు ఒక్కటే, మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. బిడ్డ బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలి. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి, రోజు మొత్తంలో నాలుగు సార్లు మించకూడదు.

ఐబుప్రొఫెన్ నొప్పితో పాటు వాపు మీద కూడా పనిచేస్తుంది. కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి, రోజుకు మూడు సార్లు మించకుండా. ఆరు నెలల లోపు బిడ్డకు వద్దు. వాంతులు, విరేచనాలతో నీరసించిన బిడ్డకు, మూత్రపిండాల జబ్బు ఉన్న బిడ్డకు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు, ఆటలమ్మ పోసినప్పుడు, ఇదివరకు ఈ మందు పడక ఆయాసం వచ్చినప్పుడు ఇవ్వకూడదు.

ఆరేళ్ల బిడ్డ ఇంచుమించు 20 కిలోలు ఉంటాడనుకుందాం. వాడికి పారాసెటమాల్ 300 మిల్లీగ్రాములు కావాలి. షాపులో పారాసెటమాల్ సిరప్ రెండు రకాల బలంతో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉన్న సీసా అయితే 6 మిల్లీలీటర్లు ఇవ్వాలి. 125 మిల్లీగ్రాములు ఉన్న సీసా అయితే 12 మిల్లీలీటర్లు. పైకి రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి. చాలామంది "ఒక మూత పోశాం" అంటారు. ఏ సీసా మూత? ఒక దాంట్లో ఉన్న మందు ఇంకో దాంట్లో సగమే ఉంటుంది. ఐబుప్రొఫెన్ 5 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అయితే అదే బిడ్డకు 10 మిల్లీలీటర్లు. ఈ రెండు మందులూ కలిపి ఒకే సీసాలో, ఒకే మాత్రలో వచ్చేవి కూడా ఉన్నాయి. వాటి మీద మళ్లీ పారాసెటమాల్ విడిగా పోశారంటే మోతాదు రెండింతలవుతుంది. అందుకే అట్టపెట్టె మీద అక్షరాలు చదవండి. చదవడం రాకపోతే షాపు వాళ్లను అడగండి, సిగ్గు పడవద్దు. వంటింటి చెంచాతో కొలవవద్దు, సీసాతో వచ్చే కొలత గిన్నెతోనే పోయండి.

రెండింట్లో ఏది మేలు? దీన్ని పెద్ద ఆసుపత్రుల్లో పిల్లల మీదే పరీక్షించి చూశారు. కెనడాలోని ఒట్టావా పిల్లల ఆసుపత్రిలో దెబ్బలు తగిలి వచ్చిన 6 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో కొందరికి పారాసెటమాల్, కొందరికి ఐబుప్రొఫెన్, కొందరికి కోడీన్ ఇచ్చి గంట తర్వాత నొప్పి ఎంత తగ్గిందో అడిగారు. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. మిగతా రెండింటి కంటే ఐబుప్రొఫెన్ బాగా పనిచేసింది. అయితే దాన్ని తీసుకున్న పిల్లల్లో కూడా సుమారు సగం మందికే నొప్పి తగినంతగా తగ్గింది. ఈ మాట దాచకుండా మీకు చెబుతున్నాను, ఎందుకంటే ఒక్క మోతాదు ఇచ్చి "ఇంకా ఏడుస్తున్నాడే, మందు నకిలీదా" అనుకొని పది నిమిషాలకే మళ్లీ పోసేవాళ్లను చూశాను. మందు పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. మిగతా సగం ఉపశమనం కట్టు వల్ల, మీ ఒడి వల్ల, ఆసుపత్రిలో ఇచ్చే మందుల వల్ల రావాలి.

ఇంకో పరీక్ష మరీ మన విషయానికే సరిపోతుంది. చేయి విరిగి, కట్టు వేయించుకొని ఇంటికి వెళ్లిన పిల్లలకు అమెరికాలో ఒక వర్గానికి ఐబుప్రొఫెన్, ఇంకో వర్గానికి కోడీన్ కలిసిన పారాసెటమాల్ ఇచ్చి మూడు రోజులు చూశారు. 2009లో ప్రచురించారు. నొప్పి తగ్గించడంలో ఐబుప్రొఫెన్ ఏమీ తీసిపోలేదు. వాంతులు, మగత తక్కువ. ఆ పిల్లలు ముందుగా ఆటల్లో పడ్డారు. 2014లో కెనడాలో మార్ఫిన్ సిరప్‌తో పోల్చి చూసినా నొప్పిలో తేడా లేదు, మార్ఫిన్ తీసుకున్న పిల్లలకే వికారం, మగత ఎక్కువ. అంటే మామూలుగా విరిగిన చేతికి ఇంటి దగ్గర బలమైన మందు కావాలనుకోవడం మన భయమే గానీ అవసరం కాదు.

ఐబుప్రొఫెన్ వాడితే ఎముక అతకదని కొందరు పెద్దలు, కొందరు డాక్టర్లు కూడా అంటారు. పిల్లల్లో నాలుగైదు రోజులు వాడినంత మాత్రాన ఎముక అతకడం ఆలస్యమైనట్టు పరిశోధనల్లో కనబడలేదు.

ఇవ్వకూడనివి కూడా చెప్పాలి. ప్రతి ఇంట్లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో నాయనమ్మ మోకాళ్ల మాత్రలు ఉంటాయి. అందులోంచి సగం విరిచి ఇవ్వడం మన అలవాటు. దయచేసి మానండి. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఆస్పిరిన్ పిల్లలకు మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే అరుదైన జబ్బు తెచ్చిపెట్టగలదు. ట్రమడాల్, కోడీన్ సంగతి ఇంకా ప్రమాదం. కొందరి శరీరం వాటిని చాలా వేగంగా బలమైన మత్తుగా మార్చేస్తుంది, నిద్రలో ఊపిరి మందగిస్తుంది. ఏ బిడ్డ శరీరం అలాంటిదో ముందు తెలియదు. 2017లో అమెరికా ఔషధ సంస్థ ఈ రెండింటినీ 12 ఏళ్ల లోపు పిల్లలకు నొప్పి కోసం వాడవద్దని చెప్పింది.

ఊళ్లో ఆర్.ఎం.పి. గారి దగ్గర పిరుదు మీద వేయించే డైక్లోఫెనాక్ సూది గురించి అడగబోతున్నారని తెలుసు. సూది వేస్తేనే వైద్యం అనే నమ్మకం మనలో బలంగా ఉంది. చిన్నపిల్లలకు ఆ సూది తగదు. ఒక నొప్పి తగ్గించడానికి ఇంకో నొప్పి పెట్టడమే కాక, పిరుదులోని నరానికి తగిలితే కాలు చచ్చుబడుతుంది. చేతి దెబ్బతో వచ్చి కాలు ఈడ్చుకుంటూ పోవడం ఎందుకు? నోటితో మింగగలిగే బిడ్డకు సిరప్ చాలు.

తలకు కూడా దెబ్బ తగిలి వాంతులు చేసుకుంటున్నా, మగతగా ఉన్నా నోటితో ఏమీ ఇవ్వకుండా తీసుకురండి.

ఇప్పుడు ఆసుపత్రిలో మేం ఏం చేస్తామో చెబుతాను. తెలిస్తే మీకు భయం తగ్గుతుంది. ఎముక బాగా పక్కకు జరిగి ఉంటే దాన్ని సరిచేసి కూర్చోబెట్టాలి. దానికి సిరప్ చాలదు. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ముక్కులో చుక్కలుగా ఫెంటానిల్ ఇస్తారు, సూది లేకుండా పది నిమిషాల్లో పనిచేస్తుంది. కొన్నిచోట్ల నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపిన గ్యాసు బిడ్డ చేతే పీల్పిస్తారు. విరిగిన చోట తిమ్మిరి మందు ఎక్కించి సరిచేసే పద్ధతి కూడా ఉంది, కాస్త పెద్ద పిల్లలకు బాగుంటుంది. మన వైపు ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది కీటమిన్. ఇది చౌక, ఊపిరిని అంతగా తగ్గించదు, నొప్పి తెలియనివ్వదు. అయితే చూసే తల్లికి గుండె జారిపోతుంది. బిడ్డ కళ్లు తెరిచే ఉంటాయి, కనుగుడ్లు అటూ ఇటూ కదులుతుంటాయి, పిలిస్తే పలకడు, నోట్లో చొంగ కారుతుంది. ఒక తండ్రి అది చూసి నా కాలర్ పట్టుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టను, ముందే చెప్పని తప్పు నాది. మెలకువ వచ్చేటప్పుడు కొందరు పిల్లలు భయపడి అరుస్తారు, వాంతి చేసుకుంటారు. గంటా రెండు గంటల్లో మామూలవుతారు. ఆ సమయంలో దగ్గర కూర్చొని మెల్లగా మాట్లాడండి, పది మంది చుట్టూ చేరవద్దు.

మార్ఫిన్ అనగానే "మత్తుకు అలవాటు పడతాడేమో" అంటారు. ఆసుపత్రిలో, మా కళ్ల ముందు ఒకటి రెండు మోతాదులు ఇస్తే ఎవరూ అలవాటు పడరు.

మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. అన్నం, టిఫిను తిని ఆరు గంటలు కావాలి. ఇక్కడే పెద్ద ఇబ్బంది వస్తుంది. పడ్డ బిడ్డను ఓదార్చడానికి దారిలో బస్టాండు దగ్గర ఇడ్లీ తినిపిస్తారు, బిస్కెట్లు కొనిస్తారు. పది గంటలకు తింటే సాయంత్రం నాలుగు దాకా ఆ బిడ్డ నొప్పితో కాచుకోవాలి. చేయి వంకర పోయి ఉంటే దారిలో ఏమీ తినిపించకండి. నొప్పి సిరప్, రెండు గుక్కల నీళ్లు ఫరవాలేదు. ఐబుప్రొఫెన్ తిన్న తర్వాతే ఇవ్వాలంటారు గదా అని అడగవచ్చు. రోజుల తరబడి వాడేటప్పుడు ఆ మాట మంచిది. మొదటి ఒక్క మోతాదు ఖాళీ కడుపున ఇచ్చినా నష్టం లేదు.

రెండు మూడేళ్ల పిల్లల విషయం కాస్త వేరు. చేయి పట్టుకొని పైకి లాగినా, రెండు చేతులు పట్టి ఊపినా మోచేతి దగ్గర చిన్న ఎముక కాస్త జారుతుంది. వాపు ఉండదు, బిడ్డ చేయి వేలాడేసి కదపడు. దానికి మందుల కంటే చేయి ఒక పద్ధతిలో తిప్పడమే వైద్యం. పావుగంటలో ఆ చేత్తోనే చాక్లెట్టు అందుకుంటాడు. ఇది చూసి ఇంట్లో మీరు తిప్పకండి. పడిన బిడ్డ అయితే అది విరుగుడు కావచ్చు.

చివరిగా, నేను మరచిపోలేని ఒక బిడ్డ గురించి చెబుతాను. ఈ చుట్టుపక్కల ఊరి పిల్లవాడే, ఏడేళ్లు. గోడ మీద నుంచి పడి మోచేతి పైన ఎముక విరిగింది. ఊళ్లో నాటు కట్టు కట్టించారు. వెదురు దబ్బలు పెట్టి, గుడ్డు తెల్లసొన పూసి, బిగించి కట్టారు. పుత్తూరు కట్టుకు మన వైపు ఎంత పేరుందో నాకు తెలుసు. ఇక్కడి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి అక్కడికి వెళ్లి బాగై వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ పేరు బోర్డు పెట్టిన ప్రతివారికీ ఆ చేయి తిరగదు, అది వేరే సంగతి. ఈ బిడ్డకు ఆ రాత్రి నుంచే నొప్పి పెరిగింది. వాళ్ల అమ్మమ్మ పాపం నిద్ర మాని మందు పోసింది. నాలుగు గంటలకొకసారి పోయాల్సింది రెండు గంటలకొకసారి పోసింది. తగ్గలేదు. "కట్టిన ఎముక అతుకుతున్నప్పుడు అలాగే పోటు పెడుతుంది" అని ఎవరో ధైర్యం చెప్పారు. మూడో రోజు మా దగ్గరికి వచ్చేసరికి వేళ్లు చల్లగా, నల్లగా ఉన్నాయి. కట్టు కోసి, ఆపరేషను చేసి చేయి నిలిపాం. కానీ లోపలి కండ చాలావరకు చచ్చిపోయింది. ఆ వేళ్లు ఇప్పటికీ చాచడానికి రావు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు.

ఆ అమ్మమ్మ నన్ను అడిగింది, "నేను మందు ఎక్కువ పోశానా సార్, అందుకా?" కాదమ్మా అన్నాను. మందు ఎక్కువ కావలసి రావడమే లోపల ఏదో జరుగుతోందని చెప్పిన గుర్తు. అది ఎవరూ ఆమెకు చెప్పలేదు.

కట్టు సరిగ్గా ఉంటే నొప్పి గంట గంటకూ తగ్గాలి. మొదటి రెండు రోజులు మందు వేళకు ఇస్తే చాలు, మూడో రోజుకు ఇంకా తగ్గాలి. అలాకాక సరైన మోతాదు ఇచ్చినా నొప్పి పెరుగుతుంటే, బిడ్డ ఒకచోట నిలవక కొట్టుకులాడుతుంటే, మందు కోసం మళ్లీ మళ్లీ ఏడుస్తుంటే తప్పు మందుది కాదు, కట్టుది. వేళ్ల చివర పట్టుకొని మెల్లగా చాచి చూడండి. ప్రాణం పోయినట్టు అరిస్తే, వేళ్లు తిమ్మిరెక్కినా, తెల్లగానో నీలంగానో మారినా, చల్లబడినా ఇంకో మోతాదు ఇచ్చి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. లోపల రక్తం ఆగితే కండ కొన్ని గంటలకు మించి బతకదు. నాటు కట్టు అయితే వెంటనే విప్పేయండి, కట్టినవారు ఏమనుకుంటారో అని చూడవద్దు. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు అయితే చేయి గుండె ఎత్తులో ఉంచి వెంటనే రండి. అది మేం వేసిందైనా సరే, అర్ధరాత్రైనా సరే. బండి లేకపోతే 108కి ఫోను చేయండి. కట్టు చీల్చడానికి మాకు రెండు నిమిషాలు పడుతుంది, మళ్లీ వేసుకోవచ్చు.

మన మెట్ట ఊళ్లలో నీళ్ల ఫ్లోరైడ్ వల్ల ఎముకల బాధలు, కొన్ని ఇళ్లలో మూత్రపిండాల జబ్బులు ఉన్నాయి. బిడ్డకు అలాంటిది ఏదైనా ఉందని ఇదివరకే చెప్పి ఉంటే ఐబుప్రొఫెన్ జోలికి పోకుండా పారాసెటమాల్ ఇచ్చి, ఆ కాగితాలు కూడా తీసుకురండి.

బిడ్డను తెచ్చేటప్పుడు ఇంకో పని చేయండి. ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు ఇచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. రాయడం కుదరకపోతే ఆ సీసాను సంచిలో వేసుకొని రండి, చూసుకొని తర్వాతి మోతాదు మేం లెక్కకడతాం.